వరద పటంలో మనుషులేరీ?

1977 నవంబరు 19న ఒక పెనుతుఫాను కృష్ణాజిల్లా దివిసీమ మీద విరుచుకుపడింది. దాని వెంటే సముద్రం ఉప్పెనగా పొంగి ఊళ్ళకు ఊళ్ళను ముంచేసింది. ప్రభుత్వం లెక్క ప్రకారం చూసినా సుమారు పదివేలమంది చనిపోయారు. పదమూడేళ్ళ తరువాత, 1990 మే 9న, అదే కృష్ణానది సముద్రంలో కలిసే చోటికి దగ్గరలోనే మరో తుఫాను తీరం దాటింది. బలంలో అది మొదటిదానికి ఏమాత్రం తీసిపోయేది కాదు. ఈసారి చనిపోయినవారు సుమారు వేయిమంది.

వేయి ప్రాణాలంటే తక్కువేమీ కాదు. కాని పదివేలు ఎక్కడ? వేయి ఎక్కడ? ఇంత తేడా ఎలా వచ్చింది? గాలి మెత్తబడిందా? సముద్రం దయతలిచిందా? అదేమీ లేదు. ఈ పదమూడేళ్ళలో మారింది మనుషుల ఏర్పాటు. తుఫానును ముందుగా కనిపెట్టే సాధనాలు పెరిగాయి. 1983లో ఎగిరిన ఇన్‌శాట్-1బి ఉపగ్రహం మేఘాల చిత్రాలు పంపసాగింది. తీరంలో తుఫాను రక్షణ భవనాలు లేచాయి. లక్షన్నరమందికి పైగా జనాన్ని గాలి రాకముందే లోపలి ఊళ్ళకు తరలించారు.

ఒరిస్సా తీరంలోనూ ఇదే జరిగింది. 1999 అక్టోబరు 29 నాటి మహాతుఫానులో అక్కడ దాదాపు పదివేలమంది చనిపోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను అదే రాష్ట్రాన్ని తాకినప్పుడు చనిపోయినవారు యాభైమందికి లోపే. తుఫానుకు ముందు దాదాపు పదిలక్షలమందిని కదిలించారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. పదిలక్షలమందిని కదిలించాలంటే ముందు ఏమి తెలియాలి? ఎవరు ఎక్కడ వుంటున్నారో తెలియాలి. ఏ ఊరు పల్లంలో వుంది, ఏ పేటలో ఎన్ని ఇళ్ళు, వాటిలో పూరిళ్ళు ఎన్ని, నడవలేని ముసలివాళ్ళు ఎందరు అన్నది తెలియాలి. అది తెలియకపోతే పడవ ఎక్కడికి పంపాలి? అన్నం ఎందరికి వండాలి?

నేను చెప్పదలచుకున్న మాట ఇదే. నీరు ఎక్కడికి వస్తుందో చూపించే పటం సగం పటమే. ఆ నీటి దారిలో మనుషులెక్కడ వున్నారో, ఇళ్ళెక్కడ వున్నాయో చూపించినప్పుడే అది పూర్తి పటం అవుతుంది. ఆ రెండో సగం గీసే పనిలో బడిపిల్లలకూ వాటా వుంది.

మూడు ముక్కల లెక్క

ప్రకృతి వైపరీత్యం వల్ల కలిగే నష్టాన్ని శాస్త్రజ్ఞులు మూడు ముక్కలుగా విడదీసి చూస్తారు. మొదటిది ముప్పు: అంటే తుఫాను, వరద, వడగాలి వంటిది. రెండవది ఆ ముప్పు దారిలో వున్న మనుషులు, ఇళ్ళు, పశువులు, పొలాలు. మూడవది వాళ్ళు ఎంతవరకు తట్టుకోగలరన్నది. ఇటుకగోడల డాబాలో వున్న కుటుంబం, తాటాకు ఇంట్లో వున్న కుటుంబం ఒకే గాలిని ఒకేలాగ తట్టుకోలేవు కదా!

ఈ మూడింటినీ కూడికలాగా కాకుండా గుణకారంలాగా ఊహించుకోండి. గుణకారంలో ఒక్క సంఖ్య సున్నా అయితే ఫలితం కూడా సున్నాయే. మనుష్యసంచారం లేని దీవి మీద ఎంత పెద్ద తుఫాను వీచినా మనుషులకు నష్టం సున్నా. అలాగే చిన్న వాన అయినా, వాగు కడుపులోనే ఇళ్ళు కట్టుకున్నచోట పెద్ద నష్టం చేస్తుంది.

ముప్పును ఆపడం మన చేతిలో పూర్తిగా లేదు. పైగా అది పెరుగుతోంది. 1850-1900 నాటితో పోలిస్తే, 2011-2020 మధ్య భూమి ఉపరితలం సగటున సుమారు 1.1 డిగ్రీలు ఎక్కువ వేడిగా వుందని వాతావరణ మార్పుపై అంతర్జాతీయ నిపుణుల సంఘం లెక్క తేల్చింది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి వుంచగలదు. ఆ ఆవిరి అంతా ఒక్కసారి కురిస్తే కుండపోతే. 1901 నుంచి 2018 లోగా సముద్రమట్టం కూడా సగటున సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది. సముద్రం అంత ఎత్తు నుంచి మొదలుపెడితే ఉప్పెన కూడా అంత లోపలికి వస్తుంది.

ముప్పు ఇలా పెరుగుతున్నప్పుడు మన చేతిలో వున్న మిగతా రెండు ముక్కల మీద మరింత శ్రద్ధ పెట్టాలి. అందుకు మొదటి మెట్టు, అవి ఎక్కడెక్కడ వున్నాయో తెలుసుకోవడం.

సగటు చెప్పే అబద్ధం

జనాభా లెక్కలు వున్నాయి కదా, వాటితో సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. ఎందుకో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒక ఊరు వుందనుకోండి. విస్తీర్ణం 20 చదరపు కిలోమీటర్లు. జనాభా 4,000. అంటే జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 200. ఒకరోజు వాగు పొంగి ఆ ఊరిలో 2 చదరపు కిలోమీటర్ల మేర నీరు నిలిచింది. ఎంతమంది నీళ్ళలో చిక్కుకున్నారు? సగటు లెక్క వేస్తే 2 × 200 = 400. అధికారులు 400 అన్నం పొట్లాలు పంపారు.

కాని మనుషులు పొలాల్లో వడ్లు చల్లినట్టు ఊరంతా సమానంగా చల్లబడి వుండరు. ఒకచోట గుమిగూడి కాపురముంటారు. ఊరిలో అసలు ఊరు మెరక మీద వుంది. వాగు ఒడ్డున ఒక పాలెం, దాని పక్కన కొత్తగా ఇచ్చిన ఇళ్ళస్థలాల కాలనీ వున్నాయి. ఆ రెంటిలో కలిపి 1,500 మంది. నీరు వచ్చింది ఆ పల్లానికే. అంటే నీళ్ళలో వున్నవారు 400 కాదు, 1,500. పదకొండు వందలమందికి అన్నం లేదు!

ఇదే లెక్కను తిరగేసి చూడండి. ఆ 2 చదరపు కిలోమీటర్లూ వట్టి వరిపొలాలే అయితే నీళ్ళలో చిక్కుకున్నవారు ఒక్కరూ వుండరు. పంట నష్టపోయిన రైతులకు కావలసిన సహాయం వేరు. సగటు మాత్రం రెండుసార్లూ 400 అనే చెప్పింది. రెండుసార్లూ తప్పే!

అందుకే జనాభా సంఖ్యను ఊరి హద్దుల్లో సమానంగా పరచకుండా, ఇళ్ళున్నచోట మాత్రమే పంచాలి. ఊరిని చిన్న చిన్న గళ్ళుగా విడదీసి, ఏ గడిలో ఎంత కట్టడం వుందో చూసి, ఆ నిష్పత్తిలో జనాన్ని పంచి వేస్తారు. చెరువు వున్న గడికి సున్నా. పొలం వున్న గడికి సున్నా. పేట వున్న గడికి ఎక్కువ. ఈ పద్ధతిలో తయారైన పటం మీద వరద పటాన్ని పరిస్తే, నీరు పడిన గళ్ళలోని జనాన్ని కూడుకుంటే చాలు.

ఆకాశం నుంచి ఇళ్ళు ఎలా కనిపిస్తాయి?

కట్టడాలు ఎక్కడున్నాయో తెలుసుకోవటానికి నేడు ఉపగ్రహాలే పెద్ద ఆధారం. అమెరికావారి మొదటి లాండ్‌శాట్ 1972లో ఎగిరింది. మనదేశపు ఐ.ఆర్.ఎస్. దూరసంవేదన ఉపగ్రహాలలో మొదటిదైన ఐ.ఆర్.ఎస్.-1ఎ 1988లో ఎగిరింది. వందల కిలోమీటర్ల ఎత్తునుంచి అవి ఏ ఇంటి తలుపూ తట్టి చూడలేవు. మరి ఇల్లు ఏదో, పొలం ఏదో వాటికి ఎలా తెలుస్తుంది?

కిటుకు వెలుగులో వుంది. సూర్యకాంతిలో మన కంటికి కనబడే రంగులతోపాటు కనబడని పరారుణ కిరణాలూ వున్నాయి. పచ్చని ఆకు పరారుణ కిరణాలలో కొన్నిటిని బాగా తిప్పికొడుతుంది. నీరు వాటిని మింగేస్తుంది. సిమెంటు, రాయి, ఎండిన మట్టి ఇంకోరకంగా ప్రవర్తిస్తాయి. ఒక్కో వస్తువు ఒక్కో విధంగా సంతకం చేసినట్టే. ఆ సంతకాలను చదివి, ఇది పైరు, ఇది చెరువు, ఇది కట్టడం అని కంప్యూటరు విడదీస్తుంది.

వరద రోజుల్లో ఆకాశమంతా మబ్బే కదా, అప్పుడెలా అంటారేమో! అప్పుడు రాడార్ ఉపగ్రహాలు పనికొస్తాయి. వాటి సూక్ష్మతరంగాలు మబ్బును దాటి వస్తాయి. నిలిచిన నీరు అద్దంలా ఆ తరంగాలను పక్కకు తోసేస్తుంది కనుక చిత్రంలో నల్లగా పడుతుంది. ఇంటి గోడ, నేల కలిసే మూల తరంగాలను వచ్చిన దారినే వెనక్కు పంపుతుంది కనుక ఇళ్ళు తెల్లగా మెరుస్తాయి. 2025 జూలై 30న శ్రీహరికోటనుంచి ఎగిరిన నైసార్ ఉపగ్రహం ఇటువంటిదే. భారత, అమెరికా సంస్థలు కలిసి చేసినది.

హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం ఇలాంటి చిత్రాలనుంచి వరద మునకల పటాలు తయారు చేసి ఇస్తుంది. ఐరోపా సంయుక్త పరిశోధన కేంద్రంవారు 1975 నుంచి ఐదేళ్ళకొకసారి లెక్కన ప్రపంచమంతటా కట్టడాలు, జనాభా ఎలా పెరిగాయో గళ్ళ పటాలుగా గీసి అందరికీ ఉచితంగా ఇస్తున్నారు. ఆ పాత పటాన్ని, కొత్త పటాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే నగరాలు ఎటువైపు పాకాయో తెలుస్తుంది. చాలాచోట్ల అవి పాకినది నీటిదారిలోకే.

బుడమేరు చెప్పిన పాఠం

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో విజయవాడ ప్రాంతంలో కుంభవృష్టి కురిసింది. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు విజయవాడ పక్కనుంచి కొల్లేటికి పోతుంది. దాని వరదను కొంత కృష్ణలోకి మళ్ళించటానికి వెలగలేరు దగ్గరనుంచి ఒక మళ్ళింపు కాలువ వుంది. ఆ సమయంలో కృష్ణకూడా పొంగివుంది. ప్రకాశం బ్యారేజి దగ్గర 11 లక్షల 40 వేల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది. బ్యారేజి కట్టిన తరువాత అంత నీరు ఎన్నడూ రాలేదు. మళ్ళింపు కాలువ గట్టుకు గండ్లు పడ్డాయి. అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మొదలైన పేటలు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. జనం మేడలమీద కూర్చుని మంచినీళ్ళకోసం ఎదురుచూశారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు జారవిడవవలసి వచ్చింది.

బుడమేరు పొంగడం కొత్తకాదు. 2005లోనూ పొంగింది. ఆ ఏటిని బెజవాడ దుఃఖదాయిని అని పెద్దలు ఎప్పటినుంచో అంటున్నారు. ఏరు తన పాత దారిలోనే వచ్చింది. కొత్తగా వచ్చింది మనం. పొలాలూ పల్లపునేలలూ వున్నచోట వీధులు, మేడలు లేచాయి. అక్కడ స్థలం కొన్న పేదకుటుంబానికి అది నీటిదారి అని ఎవరు చెప్పారు? దస్తావేజులో రాశారా? వీధి చివర బోర్డు పెట్టారా? వాళ్ళకు అందుబాటు ధరలో దొరికిన స్థలం అదే. పల్లపుభూమి చవక. చవకభూమిలో పేదవాళ్ళు వుంటారు. వరద ముందుగా వాళ్ళ ఇంటికే వస్తుంది. ఇది ప్రకృతి నియమం కాదు, మనం చేసిన ఏర్పాటు.

కట్టడాలు వరదకు బలికావడమే కాదు, వరదను పెంచుతాయి కూడా. ఒక చదరపు కిలోమీటరు నేలమీద 10 సెంటీమీటర్ల వాన పడితే అది లక్ష ఘనపు మీటర్లు, అంటే పదికోట్ల లీటర్ల నీరు. మట్టినేల అయితే అందులో కొంత తాగుతుంది. చెరువు అయితే కొంత దాచుకుంటుంది. సిమెంటు వీధులు, డాబాలు తాగవు, దాచవు. వచ్చినదంతా పల్లానికి తోసేస్తాయి. 1908 సెప్టెంబరులో హైదరాబాదును ముంచిన మూసీ వరద తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. నీటికి నిలవడానికి చోటు ఇవ్వాలన్నది అందులోని తెలివి. తరువాతి కాలంలో అదే నగరంలో ఎన్నో చెరువుల్లో ఇళ్ళు లేచాయి. కట్టడాల పటాన్ని పాత చెరువుల పటం మీద పరచి చూసే అలవాటు వుంటే, ఇంత జరిగేదా?

ఎండకూ పటం కావాలి

ముప్పు అంటే నీరు ఒక్కటే కాదు. 2015 మే నెల వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి సుమారు రెండువేలమంది చనిపోయారు. వరద వస్తే కంటికి కనబడుతుంది. వడదెబ్బ కనబడకుండా చంపుతుంది.

ఎండ ఊరంతటికీ ఒక్కటే అయినా వేడి ఒక్కటి కాదు. సిమెంటు, తారు పగలంతా వేడిని దాచుకుని రాత్రిపూట మెల్లగా వదులుతాయి. చెట్లున్న వీధి చల్లబడినంత త్వరగా చెట్లులేని ఇరుకు బస్తీ చల్లబడదు. రేకుల ఇల్లు మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. అందులో వుండే పసిబిడ్డకు, ముసలమ్మకు, ఎండలో పని చేసి వచ్చిన కూలీకి రాత్రికూడా ఒళ్ళు చల్లబడే వీలుండదు. కాబట్టి రేకుల ఇళ్ళు ఎక్కడ గుంపుగా వున్నాయో, చెట్లు ఎక్కడ లేవో, మంచినీటి కుళాయి ఎంత దూరమో చూపించే పటం కావాలి. చలివేంద్రం ఎక్కడ పెట్టాలో ఆ పటమే చెబుతుంది. ఇప్పుడైతే ఎక్కువగా నలుగురూ చూసే కూడలిలో పెడుతున్నాం. ప్రాణం పోయేది ఆ కూడలిలోనేనా?

ఉపగ్రహానికి కనబడనివాళ్ళు

ఉపగ్రహం వుంది, కంప్యూటరు వుంది, జనాభా లెక్క వుంది. ఇక మనకు పనేముంది అనుకోకండి. ఈ మూడింటికీ హద్దులున్నాయి.

కోనసీమలో కొబ్బరితోటల నీడన వున్న ఇల్లు పైనుంచి చూస్తే కొబ్బరిచెట్టే. ఎండిన తాటాకు కప్పు పక్కనున్న గడ్డివామిలో, మట్టినేలలో కలిసిపోతుంది. రొయ్యల చెరువు గట్టుమీద కాపలామనిషి వేసుకున్న పాక, కాలువగట్టు మీద నాలుగు గుడిసెలు అంత ఎత్తునుంచి గుర్తుకు అందనంత చిన్నవి. ఎక్కువ ముప్పులో వున్న ఇల్లే పటంలో తేలికగా జారిపోతుంది. ఇది గుర్తుపెట్టుకోవలసిన విషయం.

ఉపగ్రహం పైకప్పును చూస్తుంది, కింద ఎవరున్నారో చూడలేదు. ధాన్యం గోదాము పెద్ద కట్టడం. రాత్రిపూట అందులో ఒక్కడూ వుండకపోవచ్చు. పక్కనే వున్న చిన్న ఇంట్లో తొమ్మిదిమంది పడుకుంటారు. కట్టడం నిష్పత్తిలో జనాన్ని పంచితే గోదాములో ఎక్కువమంది, ఇంట్లో తక్కువమంది తేలుతారు. పగలు జనం ఒకచోట, రాత్రి మరొకచోట. మీ బడినే చూడండి. పగలు వందలమంది, రాత్రి బహుశా వాచ్‌మన్ ఒక్కడు. ఉప్పెన ఏ వేళ వస్తుందో మనతో చెప్పి రాదు.

ఇక జనాభా లెక్క. మనదేశంలో ఆఖరున పూర్తయి, అంకెలన్నీ చేతికి అందిన జనగణన 2011 నాటిది. 2021లో జరగవలసినది వాయిదాపడింది. దానిని 2027కు నిర్ణయించారు. 2011లో మీలో ఎంతమంది పుట్టారు? మీలో చాలామంది పుట్టకముందు వేసిన లెక్కలతో నేటి పేటలకు పడవలు పంపాలంటే కుదురుతుందా? ఆ తరువాత వచ్చిన కాలనీలు, వలస వెళ్ళిన కుటుంబాలు, ఇటుకబట్టీలకు పనికోసం వచ్చినవాళ్ళు ఆ లెక్కలో వుండరు.

మీరు చేయగల పని

ఆకాశంనుంచి గీసిన పటాన్ని నేలమీద నడిచి సరిదిద్దాలి. అందుకు మీకంటే తగినవాళ్ళు ఎవరు? ఏ సందు ఎటు పోతుందో, వాన పడితే మొదట ఎవరి వాకిట్లో నీరు నిలుస్తుందో మీకు తెలుసు. ఒక గ్రాఫు కాగితం, రెండు ట్రేసింగ్ కాగితాలు చాలు. ట్రేసింగ్ కాగితం దొరకకపోతే మామూలు కాగితానికి కొబ్బరినూనె రాసి ఆరబెట్టండి, అవతలిది కనిపిస్తుంది.

మొదటి కాగితం మీద మీ వీధులు, చెరువు, కాలువ, రోడ్డు, బడి గీయండి. అడుగులు లెక్కపెట్టి దూరం వేసుకోండి. మీ అడుగు ఎంత పొడుగో ముందు స్కేలుతో కొలుచుకోండి.

రెండవ కాగితం మీద ఇళ్ళు గుర్తు పెట్టండి. డాబాకు చతురస్రం, పెంకుటింటికి త్రిభుజం, రేకుల ఇంటికి అడ్డగీత, పూరింటికి చుక్క. పేర్లు రాయవద్దు. ఎవరి కులం, ఎవరి మతం అన్న ప్రశ్న అసలే వద్దు. గడి గడికి ఎంతమంది వుంటారో, వారిలో ఐదేళ్ళలోపు పిల్లలు, నడవలేనివారు ఎందరో అంకెలు మాత్రం వేయండి. పక్కపేటను, ఊరి చివరి గుడిసెలను వదలకండి. లెక్కలో ముందుగా జారిపోయేది వాళ్ళే.

మూడవ కాగితం మీద నీరు గీయండి. పెద్దవాళ్ళను అడగండి: వరద ఏ సంవత్సరం వచ్చింది, ఏ గుమ్మందాకా వచ్చింది? పాతగోడల మీద నీటి మరక వుంటే నేలనుంచి ఎత్తు కొలవండి. మెరక ఏదో, పల్లం ఏదో తేల్చుకోవటానికి మేస్త్రీలు వాడే లెవెల్ గొట్టం అడిగి తెచ్చుకోండి. సన్నని పారదర్శకమైన గొట్టంలో నీరు నింపి రెండు చివరలూ రెండుచోట్ల నిలబెడితే, మధ్యలో గాలి బుడగ లేకుండా చూసుకుంటే, రెండువైపులా నీరు ఒకే మట్టంలో నిలుస్తుంది. ద్రవాలు తమ మట్టాన్ని తామే చూసుకుంటాయని మీరు ఎనిమిదో తరగతిలోపే చదివారు. ఆ పాఠానికి ఇంతకంటే మంచి వుపయోగం నాకు కనబడలేదు. రెండుచోట్లా నీటిమట్టంనుంచి నేల ఎంత కిందవుందో కొలవండి. ఎక్కడ ఎక్కువ కిందవుందో అదే పల్లం.

ఇప్పుడు మూడు కాగితాలూ ఒకదానిమీద ఒకటి పెట్టి కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. నీరు పడిన గళ్ళలో ఎన్ని చుక్కలు, ఎంతమంది? వాళ్ళు మెరక చేరే దారి ఏది? ఆ దారిలో ముందే మునిగిపోయే కల్వర్టు వుందా? తుఫాను వస్తే అందరూ బడికే రావాలంటారు. మరి మీ బడి మెరక మీద వుందా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే మీ ఊరికి మీరు చేసిన మేలు చిన్నదికాదు. ఒక్క జాగ్రత్త. కొలతలకు వెళ్ళేటప్పుడు పెద్దవాళ్ళు తోడు వుండాలి. వానాకాలంలో వాగు దగ్గరకు పోవద్దు.

పటం ఎవరి కోసం?

ఇది ప్రభుత్వం చేయవలసిన పని, పిల్లల నెత్తిన ఎందుకు పెడతారు అని కొందరు పెద్దలు అనవచ్చు. ప్రభుత్వం చేయవలసినదే, సందేహం లేదు. నిపుణులు, ఉపగ్రహాలు, డబ్బు వున్నది అక్కడే. పిల్లల పటం దానికి బదులు కాదు. కాని ఊరి పటం ఎలా గీస్తారో తెలిసిన పిల్లవాడు పెద్దయ్యాక, అధికారులు చూపిన పటంలో తన పేట లేకపోతే లేదని గుర్తుపట్టగలడు. అడగగలడు. పటం చదవడం రానివాడికి తాను దానిలో లేనన్న సంగతే తెలియదు.

మరొక మాట కూడా వినిపిస్తుంది. ఇలాంటి పటాలు బయటపెడితే భూముల ధరలు పడిపోతాయని, జనం కంగారుపడతారని. ఎవరి భూముల ధరలు? తెలిసి అమ్మేవాడికి లాభం, తెలియక కొనేవాడికి నష్టం. ఆ తెలియనితనాన్ని కాపాడటం శాస్త్రం పని కాదు. నీటిదారి పటం తాళం వేసిన బీరువాలో వుండకూడదు. పంచాయతీ గోడమీద, వార్డు కార్యాలయం గోడమీద, ప్రతి బడి వరండాలో అందరికీ కనబడేలాగ వుండాలి. స్థలం కొనేవాడు కొనకముందే చూసుకోవాలి.

అయితే ఈ పటానికి రెండువైపులా పదును వుంది. మీరు నీటిదారిలో వున్నారు కాబట్టి లేచిపొండి అని పేదల గుడిసెలను మాత్రం పడగొట్టి, అదే దారిలోని పెద్ద భవనాలను వదిలేసేందుకూ దీనిని వాడవచ్చు. అది అన్యాయం. పల్లంలో వున్నవాళ్ళకు ముందు మెరకమీద చోటు చూపించాలి. పని దొరికేచోటికి, బడికి దూరంగా విసిరేస్తే వాళ్ళు మళ్ళీ ఆ ఏటిగట్టుకే వస్తారు. పటంలో మనుషులను గుర్తించేది వాళ్ళను రక్షించటానికి, తుడిచిపెట్టటానికి కాదు.

కనుక రాబోయే వానాకాలానికి ముందే మీ సైన్సు మాస్టారినో, సోషల్ టీచరమ్మనో కదపండి. సెలవురోజు రెండు పూటలు చాలు, ఒక పేట పటం తయారవుతుంది. తయారైనదాన్ని పంచాయతీకో వార్డు కార్యాలయానికో తీసుకువెళ్ళి, వారి దగ్గరున్న పటం చూపించమని అడగండి. రెండింటినీ పోల్చండి. వారి పటంలో లేని ఒక్క గుడిసె అయినా మీ పటంలో వుంటే, దాన్ని అందులోకి ఎక్కించేదాకా అడుగుతూనే వుండండి. తుఫాను హెచ్చరిక వచ్చిన రాత్రి ఆ గుడిసె తలుపు ఎవరో ఒకరు తట్టాలంటే ముందు అది పటంలో వుండాలి.